కప్ప బాహ్య భాగాల గుర్తింపు: విచ్ఛేదనానికి ముందు వచ్చే చిక్కులు, వాటి పరిష్కారాలు

నమూనాను పళ్లెంలో పెట్టగానే కత్తెర అందుకోకుండా, మొదట దాన్ని చేతితో తిప్పి చూడాలి. ఫార్మాలిన్‌లో నిల్వ ఉన్న కప్ప అయితే చేతి తొడుగులు వేసుకుని పారే నీటిలో బాగా కడగాలి; ఘాటుకు కళ్లు మండుతుంటే ఏ భాగాన్నీ నిదానంగా చూడలేరు.

సమస్య: పటంలో కుడి ఎడమలు తారుమారవుతున్నాయి

కప్పను వెల్లకిలా పడుకోబెట్టి, చూసేవారు తమ కుడినే కప్ప కుడిగా రాసుకోవడం దీనికి కారణం. తల మీకు దూరంగా, పొట్ట పైకి ఉన్నప్పుడు కప్ప కుడి కాలు మీ ఎడమ చేతి వైపు ఉంటుంది. పిన్నులు గుచ్చకముందే పటం మీద ‘కప్ప కుడి’, ‘కప్ప ఎడమ’ అని రాసుకోవడం మంచిది.

సమస్య: చెవి కనిపించడం లేదు

కప్పకు వెలుపలి చెవి ఉండదు. కంటికి కాస్త వెనుకగా, డప్పు మీద తోలు బిగించినట్టు గుండ్రంగా కనిపించే పొరే కర్ణభేరి. అది చర్మం రంగులోనే, చర్మంతో సమతలంగా ఉండటం వల్ల, నమూనా ఆరి ముడతలు పడ్డప్పుడు కంటికి ఆనదు. ఆ చోటును నీటితో తడిపి, దీపపు వెలుగు ఏటవాలుగా పడేలా తలను తిప్పితే దాని గుండ్రని అంచు బయటపడుతుంది. అలా కాక, కంటి వెనుక పొడవాటి గింజలా ఉబ్బిన భాగం తగిలి, చర్మం కూడా బొడిపెలతో గరుకుగా ఉంటే, అది విషగ్రంథి. మీ ముందున్నది గోదురు కప్ప.

సమస్య: కంటిపై తెల్లని పొర ఉంది, కన్ను పాడైందేమో

చాలాసార్లు అది నిమేషక పటలమే, అంటే కంటిని కప్పే మూడో రెప్ప లాంటి పొర. బతికున్న కప్పలో పారదర్శకంగా ఉండే ఈ పొర నిల్వ ద్రావణంలో మసకబారుతుంది. ఫోర్సెప్స్ మొనతో కింది రెప్ప వైపు నుంచి మెల్లగా కదిపితే అది విడిగా జరుగుతుంది.

సమస్య: వేళ్ల లెక్క, కాలి భాగాల లెక్క కుదరడం లేదు

ముందు కాలికి నాలుగు వేళ్లు, వెనుక కాలికి ఐదు. ముందు కాలికి బొటనవేలు బయటికి కనిపించదు కాబట్టి ఒక వేలు తెగిపోయిందని అనుకోనక్కరలేదు. వెనుక పాదంలో ఆరో వేలు ఉన్నట్టు తోస్తే, లోపలి అంచున మొదటి వేలి దగ్గర ఉండే గట్టి బొడిపెను లెక్కలో కలిపారన్నమాట. వేళ్ల మధ్య చర్మం నిల్వలో ముడుచుకుని వేళ్లకు అతుక్కుపోతుంది. పాదాన్ని నీటిలో ముంచి, వేళ్లను ఒక్కొక్కటిగా విడదీస్తే ఆ జాలం ఎంతవరకు ఉందో తెలుస్తుంది.

అసలు తికమక పెట్టేది వెనుక కాలు. తొడ, పిక్క, పాదం అని మూడు భాగాలే చూడాలనుకునేవారికి నాలుగు పొడవాటి భాగాలు కనిపిస్తాయి. ఎందుకంటే కప్పలో చీలమండ ఎముకలు రెండు బాగా సాగి, పిక్కకూ వేళ్లకూ మధ్య అదనపు భాగంలా ఏర్పడ్డాయి. గెంతడానికి కాలికి పొడవు అక్కడినుంచి కూడా వస్తుంది. పటం చూసి గుర్తించబోతే చీలమండనే మోకాలనుకుంటారు. అందుకే తొడ మొదలు నుంచి వేలితో తడుముతూ రావాలి: మొదటి వంపు మోకాలు, రెండో వంపు మడమ వైపుది.

సమస్య: మల ద్వారం దొరకడం లేదు

పొట్ట వైపు వెతకడమే పొరపాటు. మొండెం చివర, రెండు వెనుక కాళ్ల మధ్య, కాస్త వీపు వైపుగా ఒకే రంధ్రం ఉంటుంది. దాన్ని అవస్కర రంధ్రం అనాలి, ఎందుకంటే మలం, మూత్రం, బీజకణాలు మూడూ దాని గుండానే బయటికి వస్తాయి. తొడలను పక్కకు జరిపితే చర్మపు మడతల మధ్య కనిపిస్తుంది.

సమస్య: ఆడదో మగదో చెప్పలేకపోతున్నాం

రంధ్రం ఇద్దరికీ ఒకటే కనుక దాన్నిబట్టి తేల్చలేం. కర్ణభేరి పరిమాణాన్ని బట్టి చెప్పవచ్చనే సూత్రాన్ని చాలామంది అన్ని కప్పలకూ వర్తింపజేస్తారు, తప్పు అక్కడే మొదలవుతుంది. అమెరికన్ బుల్‌ఫ్రాగ్‌లో మగదాని కర్ణభేరి కన్నుకంటే స్పష్టంగా పెద్దది, ఆడదానిలో దాదాపు కన్నంతే. కానీ లెపర్డ్ ఫ్రాగ్ లాంటి జాతుల్లో ఈ తేడా పనికిరాదు. కాబట్టి జాతి తెలుసుకున్నాకే ఆ కొలత చూడాలి. ముందు కాలి మొదటి వేలి మొదట్లో గరుకైన మెత్త ఉంటే మగదని చెప్పవచ్చు, అయితే అది సంతానోత్పత్తి కాలంలోనే బాగా ఉబ్బి ఉంటుంది, మిగతా రోజుల్లో లెన్స్ లేకుండా తేలిగ్గా కనిపించకపోవచ్చు. గొంతు దగ్గర వదులైన ముడతలు మగదాని ధ్వని కోశాలను (అరిచేటప్పుడు ఉబ్బే సంచులను) సూచించవచ్చు. బాగా ఉబ్బిన పొట్ట గుడ్లతో నిండిన ఆడదానిది కావచ్చు. ఈ గుర్తులు ఒకదానితో ఒకటి పొసగకపోతే, రికార్డులో లింగం గడిని ఖాళీగా వదిలి, పొట్ట తెరిచాక వృషణాలున్నాయో అండాశయాలున్నాయో చూసి నింపాలి.