దసరాకి బూట్లు కుట్టించి కార్డు గీకారా? స్టేట్‌మెంట్ వచ్చేలోగా చూసుకోవాల్సినవి

వానలు తగ్గుముఖం పట్టేసరికి విజయనగరంలో చాలా ఇళ్ల గుమ్మాల దగ్గర సోలు ఊడిన బూటో, పట్టీ తెగిన చెప్పో పడి ఉంటుంది. దసరా సెలవులకి పిల్లలొస్తారు. పండగ వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం, ముందురోజు తొలేళ్లు, చుట్టాలంతా దిగిపోతారు. ఆ హడావిడికి ముందే చెప్పుల సంచి పట్టుకుని మూడు లాంతర్ల వైపో, గంటస్తంభం వైపో బయలుదేరతాం. ఇప్పుడు రిపేరు షాపుల్లోనూ కార్డు మెషినో, క్యూఆర్ స్టిక్కరో కనిపిస్తోంది. ఇబ్బంది అక్కడ రాదు, నెల తిరిగాక వస్తుంది. బట్టలు, మిఠాయిలు, పెట్రోలు, బస్సు టిక్కెట్ల మధ్య ఎన్నడూ వినని పేరుతో ఒక 380 రూపాయలు కనబడుతుంది. ఇంట్లో ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

ఆ 380 నూటికి తొంభై పాళ్లు మీ బూట్ల సోలే అయి ఉంటుందని నా అభిప్రాయం. కానీ నెల తర్వాత దాన్ని నిరూపించుకోవడం కష్టం, షాపు ముందు నిలబడి ఉన్నప్పుడైతే రెండు నిమిషాల పని.

ముందు పేరు సంగతి. బోర్డు మీద రాసుకున్న పేరుతో స్టేట్‌మెంట్‌కి పనిలేదు. మెషిన్ ఏ ఖాతాకి ఇచ్చారో, బ్యాంకు దగ్గర ఏ పేరు నమోదైందో అదే వస్తుంది. అది యజమాని ఇంటిపేరుతో సహా అసలు పేరు కావచ్చు, కోడలి పేరు కావచ్చు, పదేళ్ల కిందట అదే గదిలో నడిపిన ఇంకో వ్యాపారం పేరైనా కావచ్చు. రిపేరు చేసే ఆయనకి సొంత మెషిన్ లేక పక్కనున్న ఫ్యాన్సీ షాపులో గీకిస్తే, మీ స్టేట్‌మెంట్‌లో ఫ్యాన్సీ షాపే ఉంటుంది. అలా పక్కవాళ్ల మెషిన్ వాడటం బ్యాంకులు ఒప్పుకునే పని కాదు, కానీ జరుగుతూనే ఉంటుంది. అలాంటప్పుడు నగదు ఇచ్చేయడమే మేలు.

పైగా ఆ పేరుకి చోటు తక్కువ. ఉదాహరణకి వీసా కార్డు వ్యవస్థలో వ్యాపారి వివరాలకి మొత్తం 40 అక్షరాలే: పేరుకి 25, ఊరికి 13, దేశానికి 2. పేరు పొడుగ్గా ఉంటే మధ్యలో తెగిపోతుంది. ఇంగ్లీషులో మన విజయనగరం 12 అక్షరాలు, శ్రీకాకుళం 10, విశాఖపట్నం సరిగ్గా 13, కాబట్టి ఊళ్ల పేర్లకైతే ఢోకా లేదు. అయితే మన ఊరే పడుతుందన్న నమ్మకం కూడా లేదు. షాపు డబ్బులు మధ్యలో ఏదైనా పేమెంట్ కంపెనీ ద్వారా వెళ్తుంటే ముందు ఆ కంపెనీ గుర్తు, తర్వాత సగం పేరు, చివర ఆ కంపెనీ ఉన్న ఊరు రావచ్చు. ఫోన్‌పే ప్రధాన కార్యాలయం బెంగళూరులో, పేటీఎంది నోయిడాలో. నోయిడా మొహం ఎరగనివాళ్ల స్టేట్‌మెంట్‌లో నోయిడా కనబడేది ఇందుకే.

కాబట్టి కార్డు పెట్టగానే ఫోనుకి వచ్చే మెసేజీ అక్కడే చదవండి. పేరు తేడాగా ఉంటే అక్కడే అడిగేయండి.

"బాబాయ్, మెసేజీలో ఎవరిదో పేరొచ్చిందేటి?"

"అది మా కోడలి పేరు బాబూ. బేంకోళ్లు ఆ పిల్ల ఖాతాకే మిషను ఇచ్చినారు. మనకే పడతాది, బెంగెట్టుకోకండి."

సంగతి తేలిపోయింది. స్లిప్పు వెనక పెన్నుతో 'నాన్నగారి బూట్లు, సోలు' అని రాసుకుని ఫోటో తీసుకోండి. ఆ స్లిప్పు వేడికి అచ్చయ్యే కాగితం, చొక్కా జేబులో నాలుగు రోజులుంటే అక్షరాలు వెలిసిపోతాయి. ఫోటోలో కార్డు చివరి 4 అంకెలు, 6 అంకెల అప్రూవల్ కోడ్, 12 అంకెల ఆర్‌ఆర్‌ఎన్ (ఆ లావాదేవీని వెతికి పట్టుకునే నంబరు) కనబడాలి. రేపు బ్యాంకువాళ్లు అడిగేవి అవే.

క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. యూపీఐకి బ్యాంకు ఖాతా కలిపి ఉంటే ఆ పద్దు పాస్‌బుక్‌లో ఉంటుంది. కార్డు స్టేట్‌మెంట్ ఎంత వెతికినా దొరకదు. రూపే క్రెడిట్ కార్డు కలిపి ఉంటేనే కార్డు బిల్లులోకి వస్తుంది, అదీ షాపు క్యూఆర్‌ అయితేనే. ఆయన సొంత ఖాతా క్యూఆర్‌ అంటించుకుని ఉంటే క్రెడిట్ కార్డుతో డబ్బు వెళ్లదు.

ఇక అంకెలు. దీని మీద నాకు పేరు కన్నా ఎక్కువ బెంగ. చాలా మెషిన్లలో పైసలతో కలిపి కొట్టాలి, అంటే 350 రూపాయలకి 35000 నొక్కాలి. చేతికి గమ్ము, పక్కన పది మంది, ఒక సున్నా అటూ ఇటూ అయ్యిందంటే 35 రూపాయలో, 3,500 రూపాయలో అవుతుంది. 35 అయితే ఆయనే పిలిచి చెబుతాడు. 3,500 అయితే? ట్యాప్ చేసే కార్డుకి 2021 జనవరి 1 నుంచి 5,000 రూపాయల దాకా పిన్ను అక్కర్లేదు. కార్డు మెషిన్‌కి తగిలించగానే 3,500 మారుమాట లేకుండా వెళ్లిపోతుంది. అందుకే మెషిన్ తెర మీది మొత్తం మీ కళ్లతో చూశాకే కార్డు తగిలించండి. పండగ రద్దీ నెలలో నేనైతే బ్యాంకు యాప్‌లోకి వెళ్లి ట్యాప్ సదుపాయం ఆపేసుకోమంటాను. పిన్ను నొక్కడానికి పట్టే నాలుగు సెకన్లలో మన కన్ను అంకె మీద పడుతుంది. ఆ పిన్ను మీరే నొక్కాలి. "చెప్పండి బాబూ, నేను కొట్టేస్తాను" అని ఆయన మంచికే అన్నా సరే, చెప్పకండి.

తప్పు పడిందని అక్కడికక్కడే తెలిస్తే అదే రోజు, మెషిన్‌లో ఆ రోజు లెక్క ముగియకముందే 'వాయిడ్' చేయించండి. లావాదేవీ మొత్తం రద్దవుతుంది. రాత్రి లెక్క ముగిసిందంటే రద్దు కుదరదు, రీఫండ్ పెట్టాలి, అది చేరడానికి రోజులు పడుతుంది. తేడా డబ్బు నగదుగా తీసుకున్నా ఫర్వాలేదు గానీ స్లిప్పు మీద ఆ మాట రాయించుకోండి.

తొలేళ్ల రాత్రి, సిరిమాను రోజు అమ్మవారి చదురుగుడి నుంచి కోట దాకా ఇసకేస్తే రాలని జనం. అందరి చేతుల్లో ఫోన్లు, సిగ్నలు ఆడదు. మెషిన్ తిరిగి తిరిగి 'ఫెయిల్' అంటుంది, మీ ఫోనుకేమో డబ్బు కట్ అయినట్టు మెసేజీ వస్తుంది. వెంటనే రెండోసారి గీకకండి. నగదు ఉంటే ఇచ్చేసి, ఫెయిలైన స్లిప్పు వస్తే దాచుకోండి. ఖాతాలో డబ్బు తెగి షాపులో స్లిప్పు రాకపోతే, లావాదేవీ రోజు తర్వాత 5 రోజుల్లోగా అది తనంతట తానే వెనక్కి రావాలని రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో నియమం పెట్టింది. షాపుకి యూపీఐ చెల్లింపులకీ అదే గడువు. ఆలస్యమైతే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం కలిపి ఇవ్వాలి. షాపు ఆయన్ని నిలదీస్తే లాభం లేదు, ఆ డబ్బు ఆయన దాకా రాలేదు.

తేదీల గురించి కంగారు అనవసరం. గీకిన రోజు ఒకటి, క్రెడిట్ కార్డు ఖాతాలో ఎక్కిన రోజు ఒకటి, మధ్యలో ఒకటి రెండు రోజుల తేడా మామూలే. బూట్లు ఇచ్చిన రోజునే డబ్బు కట్టి వారం తర్వాత తెచ్చుకుంటే, స్టేట్‌మెంట్‌లో కట్టిన తేదీయే ఉంటుంది.

కార్డయితే 2 శాతం ఎక్కువ అని ఎవరైనా అంటే, డెబిట్ కార్డు మీద అలా వసూలు చేయకూడదు. ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారం చేసే చిన్న షాపుకి మెషిన్ మీద బ్యాంకు కోసుకోగలిగేది 0.40 శాతం, అంటే 350 మీద రూపాయి నలభై పైసలు. రూపే డెబిట్ కార్డుకైతే 2020 జనవరి నుంచి అదీ లేదు. ఏడు రూపాయల కోసం దెబ్బలాడమనను, లెక్క తెలిసి ఉంటే చాలు. ఇక క్రెడిట్ కార్డు బిల్లులో వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ కనబడితే దానికి చెప్పుల షాపుతో సంబంధం లేదు. కిందటి నెల బాకీ పూర్తిగా కట్టకుండా కనీస మొత్తమే కడితే, ఈ నెల కొన్నదాని మీద కూడా మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది.

ఇన్ని చూసుకున్నా పద్దు తెలియకపోతే, ముందు ఇంట్లో అందరినీ అడగండి, తర్వాత షాపుకి ఫోన్ చేయండి. ఎందుకంటే తెలియక 'ఇది నేను చేయలేదు' అని బ్యాంకుకి రాసేస్తే, బ్యాంకు ఆ డబ్బు షాపు ఖాతా నుంచి వెనక్కి లాగుతుంది. స్లిప్పు చూపించుకోలేకపోతే ఆయన 380, చేసిన పని రెండూ పోతాయి. సైబర్ ఫిర్యాదు దాకా వెళ్తే ఆయన ఖాతాలో డబ్బు స్తంభించిపోవచ్చు. ఆరె, దారం పట్టుకుని కూర్చునే మనిషి పండగ పూట పని మానుకుని బ్యాంకు చుట్టూ తిరగాలి.

అసలు మోసం వాలకం వేరుగా ఉంటుంది. షాపు మూసేసిన అర్ధరాత్రి పద్దు, వెంటవెంటనే రెండు మూడు, విదేశీ పేరు, లేదా తెలియని ఆన్‌లైన్ పేరుతో 1 రూపాయి, 2 రూపాయలు. ఈ చిన్నవి కార్డు పని చేస్తుందో లేదో దొంగ చూసుకునే పరీక్ష, తర్వాత పెద్దది వస్తుంది. అప్పుడు ఎవరినీ అడుగుతూ కూర్చోకండి. యాప్‌లో కార్డు బ్లాక్ చేసి, కార్డు వెనక ఉన్న నంబరుకి ఫోన్ చేయండి. గూగుల్‌లో వెతికి దొరికిన నంబరుకి మాత్రం చేయకండి, అక్కడ ఇంకో దొంగ కాచుకుని ఉంటాడు. డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.

రిజర్వు బ్యాంకు 2017 జూలై ఉత్తర్వు ప్రకారం, తప్పు మీదీ బ్యాంకుదీ కాకుండా మూడో మనిషిదైతే, మెసేజీ వచ్చాక 3 పనిదినాల్లోగా చెబితే మీకు పైసా నష్టం ఉండదు. 4 నుంచి 7 పనిదినాలైతే సేవింగ్స్ ఖాతాకి గరిష్ఠంగా 10,000 దాకా మీరే భరించాల్సి రావచ్చు. మెసేజీ వచ్చిన రోజునీ, మీ బ్రాంచి సెలవుల్నీ లెక్కలోకి తీసుకోరు కాబట్టి దసరా సెలవులు కలిసొస్తాయి. అలాగని ఆగకండి, కార్డు బ్లాక్ చేయడానికి సెలవు లేదు. ఓటీపీ మీరే చెప్పేసి ఉంటే మాత్రం, మీరు బ్యాంకుకి తెలియజేసేదాకా పోయినదంతా మీ మీదే పడుతుంది.

ఫిర్యాదు నంబరు రాసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే అధికారికి) రాయవచ్చు. ఖర్చేమీ ఉండదు, 14448కి ఫోన్ చేస్తే ఎలా రాయాలో చెబుతారు. స్లిప్పు ఫోటో, మెసేజీ, బ్యాంకు ఇచ్చిన ఫిర్యాదు నంబరు జత చేయండి.