ఎండుమిర్చి తొడిమతో పెరుగు తోడుకుంటుందా? ఇంట్లోనే పిల్లలతో ప్రయోగం చేయించే పద్ధతి

సైన్స్ ఫెయిర్ అనగానే చాలా ఇళ్ళల్లో థర్మకోల్ షీట్లు, రంగులు, గమ్ బాటిల్ బయటికొస్తాయి, రెండు రాత్రులు అమ్మానాన్నలు కూర్చుని అగ్నిపర్వతమో సోలార్ సిస్టమో చేసిపెడతారు. దాంట్లో చేతిపని ఉంది, కాదనను, కానీ ప్రశ్న లేదు. ప్రశ్న లేకపోతే అది ప్రయోగం కాదు, బొమ్మ. నేను హైస్కూల్ పిల్లలకి సైన్స్ చెప్తాను, నా అనుభవంలో పిల్లలకి ప్రయోగం అంటే ఏంటో అర్థం కావాలంటే ఒక అరలీటరు పాల ప్యాకెట్, తొమ్మిది గ్లాసులు చాలు.

మన ఇళ్ళల్లో ఒక మాట ఉంది కదా, ఇంట్లో తోడు లేకపోతే గోరువెచ్చని పాలల్లో తొడిమతో సహా రెండు ఎండుమిరపకాయలు వేస్తే పెరుగు తోడుకుంటుందని. నిజమేనా? మీ అమ్మమ్మ చేసి చూపించిందే అనుకోండి, పొద్దునకి గడ్డకట్టింది. అది మిర్చి వల్లే అని ఎలా చెప్తాం? ఎండాకాలంలో ఊరికే బయట పెట్టిన పాలు కూడా రాత్రికి పులిసి గట్టిపడతాయి కదా. అసలు విషయమంతా ఇక్కడే ఉంది. మిర్చి వెయ్యని గ్లాసు ఒకటి పక్కన లేకపోతే మిర్చి గురించి మనం ఏమీ చెప్పలేం. ఆ ఏమీ వెయ్యని గ్లాసునే కంట్రోల్ అంటారు. పిల్లలు ఎప్పుడూ వదిలేసేది దాన్నే, "అందులో ఏం జరగదు కదా మేడం" అంటారు. అందులో ఏం జరుగుతుందో చూడ్డానికే పెట్టేది.

1668లో ఇటలీలో ఫ్రాన్సెస్కో రెడీ అనే వైద్యుడు చేసింది కూడా ఇదే. మాంసం కుళ్ళితే దానంతటదే పురుగులు పుడతాయని అందరూ నమ్మే రోజులవి. ఆయన కొన్ని జాడీలు తెరిచి ఉంచాడు, కొన్నిటికి పల్చటి గుడ్డ కట్టాడు. తెరిచిన వాటిలోనే పురుగులు పట్టాయి, గుడ్డ కట్టిన వాటిలో మాంసం కుళ్ళిందే గాని పురుగు లేదు. తేడా గుడ్డ ఒక్కటే, కాబట్టి ఈగలు వాలడం వల్లే పురుగులొస్తున్నాయని తేలింది. మాంసం వేరు, జాడీ వేరు, చోటు వేరు అయ్యుంటే ఎవరికీ ఏమీ తేలేది కాదు.

సరే, మన పనికొద్దాం. ముందు నోట్‌బుక్‌లో ప్రశ్న రాయించండి, దాని కింద పిల్లల ఊహ రాయించండి, టెక్స్ట్‌బుక్‌లో పరికల్పన అంటారే అదే. "మిర్చి వేసిన పాలు ఏమీ వెయ్యని పాల కంటే ముందు తోడుకుంటాయి, ఎందుకంటే..." ఆ ఎందుకంటే తర్వాత ఏదో ఒకటి వాళ్ళ సొంత మాట ఉండాలి, తప్పైనా పర్లేదు. పాలు పొయ్యకముందే రాయాలి, అయిపోయాక రాస్తే ప్రతివాడి ఊహా కరెక్టే అవుతుంది.

పాలు కాచి, గోరువెచ్చగా అయ్యాక ఒకే సైజు స్టీలు గ్లాసులు తొమ్మిదిట్లో సమానంగా పొయ్యండి. కొలత కోసం సిరప్ సీసాతో వచ్చే చిన్న కప్పు వాడండి, 10 మి.లీ. గీత దాకా నాలుగు కప్పులు, అంటే గ్లాసుకి 40. మూడు గ్లాసుల్లో ఏమీ వద్దు, మూడింట్లో రెండేసి ఎండుమిరపకాయలు తొడిమతో, మూడింట్లో అర స్పూను పెరుగు. ఒక్కోటి చాలదా అంటే చాలదు, ఒక్క గ్లాసులో ఏదైనా పొరపాటు జరిగితే తెలియదు. పాలు ఒకటే, వెచ్చదనం ఒకటే, గ్లాసు ఒకటే, పెట్టే చోటు ఒకటే. మారేది వేసే వస్తువు ఒక్కటే. పొయ్యి గట్టు మీద మూడు, ఫ్రిజ్ మీద మూడు పెట్టారంటే పని పాడైనట్టే. వెచ్చదనం చూడాలంటే డిజిటల్ థర్మామీటర్ వాడండి, 40 డిగ్రీల దగ్గర ఉంటే బావుంటుంది. పాదరసం థర్మామీటర్ మాత్రం పాలల్లో పెట్టొద్దు, పగిలితే ప్రమాదం.

ఒక జాగ్రత్త, నేను దెబ్బతిని నేర్చుకున్నది. మొదటిసారి క్లాసులో ఇది చేయించినప్పుడు తొమ్మిది గ్లాసులూ తోడుకున్నాయి, ఏమీ వెయ్యనివి కూడా! పిల్లలు చప్పట్లు కొట్టారు, నాకు మాత్రం గుండె గుభేలుమంది. వెనక్కి ఆలోచిస్తే దొరికింది, పెరుగు కలిపిన స్పూనుతోనే మిగతా గ్లాసులు కూడా కలిపేశాం. పెరుగులో ఉండే లాక్టిక్ యాసిడ్ బ్యాక్టీరియా స్పూనుకి అంటుకున్న కాస్తలోనే లక్షల్లో ఉంటుంది, అవే పాలల్లోని చక్కెరని తిని యాసిడ్ తయారుచేస్తాయి, ఆ యాసిడ్‌కే పాలు గడ్డకడతాయి. అందుకే గ్లాసులు, స్పూన్లు ముందు మరిగే నీళ్ళతో కడగండి, ఏమీ వెయ్యనివి ముందు, మిర్చివి తర్వాత, పెరుగువి చివర్లో, ఏ గుంపు స్పూను ఆ గుంపుకే. ఆ రోజు పిల్లలతో ఇదంతా బోర్డు మీద రాయించి మళ్ళీ చేశాం, నా లెక్కలో వాళ్ళు ఎక్కువ నేర్చుకుంది ఆ పాడైన రోజే.

తోడుకుందని ఎప్పుడు అనాలి? ఇది కూడా ముందే తేల్చుకోవాలి. మేం గ్లాసుని కొద్దిగా వంచి చూస్తాం, పాలలా జారితే 0, చిక్కగా కదిలితే 1, అస్సలు జారకపోతే 2. గంటకోసారి, టైముతో సహా రాయాలి. కదిపితే పెరుగు సరిగ్గా తోడుకోదు అంటారు, కానీ తొమ్మిదింటినీ ఒకేలా వంచుతున్నాం కాబట్టి వంచడం వల్ల పోలికకి ఇబ్బంది లేదు. పేర్లు గ్లాసు అడుగున రాసి, వంచి చూసే పని సంగతి తెలియని తమ్ముడికో చెల్లికో ఇవ్వండి, చూసేవాళ్ళు వచ్చేలోపే పెద్దవాళ్ళు ఒకరు మిరపకాయలు తీసేసి, వాళ్ళు చూశాక మళ్ళీ వెయ్యాలి. కొంచెం తలనొప్పి పనే, అయినా చెయ్యండి, మనకి ఇష్టమైన గ్లాసు మీద కన్ను మెతకబడుతుంది. రుచి మాత్రం ఎవరూ చూడొద్దు, ముఖ్యంగా తోడు వెయ్యనివి.

అయ్యాక మూడేసి గ్లాసుల టైములు పక్కపక్కన పెట్టి చూడండి. ఉదాహరణకి మిర్చివి 9, 10, 14 గంటలు, ఏమీ వెయ్యనివి 11, 12, 13 అని వచ్చాయనుకోండి, సగటు తీస్తే మిర్చి 11, ఉత్త పాలు 12. మిర్చి గెలిచిందని రాసేస్తారు పిల్లలు. ఆగండి, మిర్చి గ్లాసుల మధ్యే అయిదు గంటల తేడా ఉంది, గుంపుల మధ్య ఒక్క గంటే. అప్పుడు "ఈ తొమ్మిది గ్లాసులతో తేలలేదు" అని రాయడమే సరైన జవాబు, దానికి మార్కులు తగ్గించొద్దని తోటి టీచర్లని కూడా అడుగుతున్నా. అలాగే ఏ గ్లాసైనా వింతగా వస్తే కొట్టెయ్యకుండా అలాగే రాసి పక్కన ఏమైందో రాయించండి.

మీ ఇంట్లో ఏమొస్తుందో నేను చెప్పను, చెప్తే పిల్లలు అదే చూస్తారు. తేడా వస్తే తర్వాతి ఆదివారం తొడిమ తీసేసిన కాయలు ఒక గుంపు, ఉత్త తొడిమలు ఒక గుంపు పెట్టి చూడొచ్చు. సాయంత్రం మాత్రం మొదలెట్టకండి, అసలు మార్పు జరిగే గంటల్లో అందరూ నిద్రపోతారు. పొద్దున్నే ఆరింటికి పాలు పోసేస్తే రాత్రి ఎనిమిదిలోపు పద్నాలుగు సార్లు వంచి చూడొచ్చు.