మోటార్‌హోమ్‌లో సరౌండ్ సౌండ్ మొరాయిస్తే: సమస్య - కారణం - పరిష్కారం

మోటార్‌హోమ్‌లో, అంటే లోపలే ఇల్లులా ఉండే బండిలో, బిగించి వచ్చిన హోమ్ థియేటర్ పలకడం మానేయగానే చాలామంది కొత్తదాని కోసం వెతకడం మొదలుపెడతారు. కాస్త ఆగండి. పెట్టె (స్పీకర్లని నడిపే స్టీరియో లేదా రిసీవర్) నిజంగా పోయిందా, దానికి కరెంటు అందట్లేదా, టీవీ నుంచి సౌండ్ రావట్లేదా, స్పీకర్ వైరు తెగిందా అన్నది తేల్చుకోకుండా కొంటే, రేపు కొత్త పెట్టె కూడా అదే అరలో అలాగే మూగగా కూర్చుంటుంది. ఇంట్లో సిస్టమ్‌లా కాదు ఇది. ఇక్కడ కరెంటే రెండు రకాలు, వైర్లన్నీ గోడల లోపల, ఆ గోడలు ప్రయాణమంతా అదురుతూనే ఉంటాయి, స్లైడ్-అవుట్ ఉన్న బండిలో అయితే ఒక గోడ ఏకంగా బయటికీ లోపలికీ జరుగుతుంది.

ఏదైనా విప్పే ముందు ఒక్క విషయం. బయటి కరెంటు ప్లగ్ పీకేస్తే సరిపోదు, ఇన్వర్టర్ ఆన్‌లో ఉంటే సాకెట్లలో కరెంటు ఇంకా ఉంటుంది. జనరేటర్ దానంతట అదే స్టార్ట్ అయ్యే సదుపాయం ఉంటే అది కూడా ఆఫ్ చేయాలి. మూడూ ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసి, మల్టీమీటర్‌తో కరెంటు లేదని చూసుకున్నాకే చేయి పెట్టండి.

అసలు లైటే వెలగట్లేదు

ముందు మీ సిస్టమ్ ఏ కరెంటు మీద నడుస్తుందో చూడండి. గోడలో బిగించిన చిన్న స్టీరియో అయితే 12 వోల్టుల మీద, ఇంట్లో వాడే రకం రిసీవర్ (టీవీ సౌండ్ తీసుకుని స్పీకర్లన్నిటికీ పంచే పెద్ద పెట్టె) అయితే మామూలు సాకెట్ మీద నడుస్తుంది. సాకెట్ మీద నడిచేదైతే అదే సాకెట్‌లో ఫోన్ ఛార్జర్ పెట్టి చూడండి. బండిలో అన్ని సాకెట్లూ ఇన్వర్టర్ మీద ఉండవు, కొన్ని బయటి కరెంటో జనరేటరో ఉంటేనే బతుకుతాయి. బాత్రూమ్ దగ్గరో వంటగట్టు దగ్గరో ఉండే షాక్ రక్షణ సాకెట్ ట్రిప్ అయినా దాని తర్వాత ఉన్న సాకెట్లన్నీ పోతాయి, టీవీ అర వెనక ఉన్నది కూడా అందులో ఒకటి కావచ్చు. దాని మీద ఉన్న రీసెట్ బటన్ నొక్కితే పనైపోతుంది.

12 వోల్టులదైతే ఫ్యూజ్ ప్యానెల్‌తో మొదలుపెట్టండి. ఫ్యూజ్‌ని కంటితో చూసి బాగుందనుకోకండి, మీటర్ పెట్టండి. స్టీరియో వెనక మామూలుగా పసుపు వైరుకి ఎప్పుడూ కరెంటు ఉండాలి, ఎరుపు వైరుకి స్విచ్ వేసినప్పుడు రావాలి, నలుపు ఎర్త్. ఆన్ అవుతోంది కానీ ప్రతిసారీ టైమూ స్టేషన్లూ మరిచిపోతోందంటే స్విచ్ ఆపినప్పుడు పసుపు వైరుకి కరెంటు అందట్లేదన్నమాట. ఊరికే ఉన్నప్పుడు 12.6 చూపించే బ్యాటరీ కూడా లోడ్ పడగానే 11 కిందికి జారిపోవచ్చు, అందుకని సిస్టమ్ ఆన్ చేసి వోల్టేజ్ కొలవండి. చాలా ఇన్వర్టర్లు 10.5 దగ్గర్లో వాటంతటవే ఆగిపోతాయి. సినిమా సగంలో ఆగిపోవడం వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

ఇంకోటి. డ్రైవర్‌ సీటు పైన టీవీ ఉండే బండ్లలో ఇంజిన్ స్టార్ట్ చేస్తే ఆ టీవీ ఆగిపోయేలా రిలే (దానంతట అదే కరెంటు కలిపి తెంచే స్విచ్) పెడతారు. ఇగ్నిషన్ ఆఫ్ చేశాక కూడా రాకపోతే అప్పుడు ఆ రిలే మీద అనుమానపడండి.

ఆన్ అవుతోంది, ఒక్క స్పీకర్ కూడా పలకట్లేదు

చాలా 12 వోల్టుల స్టీరియోల్లో ఏ, బీ, సీ అని స్పీకర్ జోన్లు ఉంటాయి. లోపల, పడకగది, బయట గుడారం కింద. ఎవరో బయటి జోన్ ఒక్కటే ఆన్ చేసి వదిలేస్తే లోపల నిశ్శబ్దం, బయట పక్కబండి వాళ్లకి పాటల కచేరీ. నవ్వొస్తుంది గానీ పోయిందనుకుని విప్పేసిన సిస్టమ్‌లలో ఇలాంటివీ ఉంటాయి.

జోన్లు బాగున్నాయంటే రేడియోనో బ్లూటూతో పెట్టి చూడండి. దాంట్లో సౌండ్ వస్తే ఆంప్లిఫయర్, స్పీకర్లు రెండూ బాగున్నట్టే, తేడా టీవీ నుంచి వచ్చే దారిలో ఉంది. హెచ్‌డీఎంఐ కేబుల్ ద్వారా టీవీ సౌండ్ వెనక్కి రావాలంటే టీవీలో ఏఆర్‌సీ (టీవీ సౌండ్‌ని వెనక్కి పంపే సదుపాయం) అని రాసి ఉన్న పోర్టులోనే పెట్టాలి, సాధారణంగా అలాంటిది ఒక్కటే ఉంటుంది. టీవీలోనూ రిసీవర్‌లోనూ సీఈసీ (అదే కేబుల్ మీద ఒకదాన్నొకటి నడిపించుకునే సెట్టింగ్) ఆన్‌లో ఉండాలి. ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెట్టుకుంటుంది కాబట్టి సెట్టింగ్స్‌లో కాస్త వెతుక్కోవాలి. అంతా సరిగ్గా ఉన్నా రాకపోతే రెండింటి ప్లగ్గులూ పీకి, కొన్ని నిమిషాలాగి, ముందు టీవీ తర్వాత రిసీవర్ ఆన్ చేయండి. ఏఆర్‌సీ 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది, అంతకంటే పాత రిసీవర్ అయితే ఎంత తిప్పలు పడినా ఆ దారిలో సౌండ్ రాదు, ఆప్టికల్ కేబులే గతి. ఆ కేబుల్ ఒక కొస టీవీకి పెట్టి రెండో కొస చూస్తే ఎర్రటి వెలుగు కనిపించాలి. కొత్త కేబుల్ కొసకి చిన్న ప్లాస్టిక్ టోపీ ఉంటుంది, అది తీశారో లేదో చూసుకోండి.

టీవీ మార్చిన తర్వాతే సౌండ్ పోయిందా? అయితే పాత సిస్టమ్‌కి ఎరుపు-తెలుపు ఆడియో పిన్నులు మాత్రమే ఉండి ఉంటాయి, కొత్త టీవీకి అవి లేవు. ఆప్టికల్‌ని ఆ పిన్నులకి మార్చే చిన్న కన్వర్టర్ దొరుకుతుంది. అది వాడితే టీవీ ఆడియో సెట్టింగ్‌ని పీసీఎం (మామూలు డిజిటల్ సౌండ్)కి మార్చండి, ఎందుకంటే చవక కన్వర్టర్లకి డాల్బీ (కుదించి పంపే సరౌండ్ సౌండ్) అర్థం కాదు, సౌండే రాదు లేదా బరబరమని రొద వస్తుంది.

పాటలు బాగానే ఉన్నాయి, డైలాగులు లోపలెక్కడో వినిపిస్తూ, వెనక స్పీకర్లు మూగగా

ఇది రిపేరు కాదు, సెట్టింగ్ గొడవ. టీవీ పీసీఎం స్టీరియో పంపుతుంటే రిసీవర్‌కి అందేది రెండు చానెళ్లే. పైన చెప్పిన కన్వర్టర్ వాడకుండా రిసీవర్‌కే నేరుగా పెట్టి ఉంటే, టీవీలో ఆడియో అవుట్‌ని బిట్‌స్ట్రీమ్ (సరౌండ్ సౌండ్‌ని ఉన్నదున్నట్టు పంపడం) లేదా ఆటో చేయండి. అయినా వెనకవి పలకకపోతే మీరు చూస్తున్న కార్యక్రమమే స్టీరియోలో ఉండొచ్చు, రిసీవర్‌లో ఆల్ చానెల్ స్టీరియో మోడ్ పెడితే ఆ స్పీకర్లు బతికున్నాయో లేదో క్షణంలో తెలుస్తుంది. సెంటర్ స్పీకర్ మాత్రమే మూగబోతే మాటలు పోయి సంగీతం మిగులుతుంది, అప్పుడు కింద చెప్పిన వైరు పరీక్ష చేయాల్సిందే.

ఒక్క స్పీకరే పోయింది, లేదా వస్తూ పోతూ ఉంది

బండి మెకానిక్ దగ్గరికి పరిగెత్తే ముందు మీటర్ తీయండి. సిస్టమ్ ఆపేసి, పెట్టె వెనక ఆ స్పీకర్ రెండు వైర్లూ విప్పి, వాటి మధ్య నిరోధం ఎన్ని ఓమ్స్ ఉందో కొలవండి. 8 ఓమ్ స్పీకర్ దాదాపు 6 నుంచి 7 చూపిస్తుంది, 4 ఓమ్‌ది 3 పైచిలుకు. అంకె ఏదీ రాకుండా ఓపెన్ చూపిస్తే వైరు తెగింది లేదా స్పీకర్ కాయిల్ కాలిపోయింది. సున్నా దగ్గర్లో వస్తే రెండు వైర్లూ ఎక్కడో కలిసిపోయాయి. మీటర్ లేకపోతే 1.5 వోల్టుల పెన్సిల్ బ్యాటరీ చాలు, వైర్ల కొసలు ఒక్క క్షణం తాకించండి, స్పీకర్ టక్కుమంటుంది. బ్యాటరీ పాజిటివ్ స్పీకర్ పాజిటివ్‌కి తాకితే కోన్ మామూలుగా బయటికి కదులుతుంది, అందుకని వైర్లు తారుమారయ్యాయేమో కూడా ఇదే పరీక్షలో తెలుస్తుంది. ముందు రెండు స్పీకర్లలో ఒకటి తారుమారైతే బేస్ పల్చబడి, మాట ఎటునుంచి వస్తోందో తెలియకుండా పోతుంది.

తర్వాత అదే కొలత స్పీకర్ దగ్గర, దాని వైరు విప్పి తీసుకోండి. అక్కడ బాగుండి పెట్టె దగ్గర బాగాలేకపోతే తప్పు మధ్యలో వైరుది. స్లైడ్-అవుట్‌లోకి వెళ్లే వైరైతే నేరుగా దాని కిందో పక్కనో మడతపడే కేబుల్ గొట్టం దగ్గరికి వెళ్లండి. ప్రతిసారీ వంగి వంగి లోపల రాగి తెగుతుంది, పైన ప్లాస్టిక్ మాత్రం చెక్కుచెదరదు. స్లైడ్ లోపల ఉన్నప్పుడు సౌండ్ వచ్చి, బయటికి తీస్తే పోతోందంటే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. అక్కడ అతుకు వేయకండి, సన్న తీగలు ఎక్కువగా ఉండే మెత్తటి వైరు ఆ ముక్క మొత్తానికీ కొత్తగా వేయండి.

వైరు బాగుండి సౌండ్ బరబరమంటుంటే జాలీ తీసి కోన్ చుట్టూ ఉండే నురుగు అంచుని వేలితో తాకండి. ఎండలో నిలబెట్టిన బండిలో వేడికి ఆ నురుగు పొడిపొడిగా రాలిపోతుంది. స్పీకర్ మార్చడమే.

ఆన్ చేసిన కాసేపటికే ప్రొటెక్ట్ అని చూపించి ఆగిపోతోంది

స్పీకర్ వైర్లన్నీ పీకేసి ఆన్ చేయండి. అప్పుడూ ఆగిపోతే పెట్టె లోపలే పోయింది. నిలబడితే ఒక్కొక్క వైరూ పెడుతూ పోండి, ఏది పెట్టగానే ఆగుతుందో దాంట్లోనే షార్ట్ ఉంది. అర బిగించేటప్పుడో పరదా కడ్డీ బిగించేటప్పుడో వైరులోకి దిగిన స్క్రూ, అదురుకి రేకు అంచు కోసేసిన ఇన్సులేషన్, ఎక్కువగా ఇవే. అన్నీ పెట్టినా నిలబడి, అరగంట తర్వాత వేడెక్కి ఆగుతుంటే గాలి ఆడట్లేదని అర్థం. మూసిన అరలో రిసీవర్ పెట్టి తలుపేస్తే అది ఉడికిపోతుంది. వెనకా పైనా ఖాళీ వదలాలి, కుదరకపోతే ఒక చిన్న 12 వోల్టుల ఫ్యాన్.

గుంయ్‌మనే హమ్, కీచుమనే కూత

కూత ఇంజిన్ వేగంతో పాటు పెరిగి తగ్గుతుంటే అది ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) నుంచి వస్తోంది. ఇన్వర్టర్ మీద నడిపినప్పుడే రొద వచ్చి బయటి కరెంటు మీద రాకపోతే మీది మాడిఫైడ్ సైన్ వేవ్ (మెట్లు మెట్లుగా ఉండే కరెంటు ఇచ్చే) ఇన్వర్టర్ అయ్యుంటుంది, నున్నటి కరెంటు ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ పెట్టడమే అసలు మందు. ఎప్పుడూ ఒకేలా హమ్ వస్తుంటే టీవీ యాంటెనా లేదా కేబుల్ వైరు పీకి చూడండి. ఆగిపోతే అది గ్రౌండ్ లూప్ (రెండు దారుల్లో ఎర్త్ కలవడం వల్ల వచ్చే రొద), దాన్ని అడ్డుకునే ఐసొలేటర్ పెట్టాలి, లేదా టీవీకీ పెట్టెకీ మధ్య ఆప్టికల్ కేబుల్ వాడాలి. ఆప్టికల్‌లో వెళ్లేది వెలుగే కాబట్టి ఆ రెండింటి మధ్య హమ్ దాటలేదు. ప్లగ్ ఎర్త్ పిన్ను విరగ్గొడితే హమ్ పోతుందని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వినకండి, ప్రాణాల మీదికి వస్తుంది.

రిమోట్ సంగతి రెండు ముక్కల్లో: అర తలుపు తీసి దగ్గరి నుంచి నొక్కితే పనిచేస్తోందంటే తప్పు రిమోట్‌ది కాదు, రిమోట్ సిగ్నల్‌ని మూసిన అర లోపలికి చేర్చేందుకు పెట్టె మీద అంటించిన ఐఆర్ కన్ను వేడికి ఊడిపోయి ఉండొచ్చు. మళ్లీ అంటించండి.

ఇక మార్చక తప్పదంటే

గోడల్లో ఉన్న వైర్లే మీ ఆస్తి. వాటిని కాపాడుకోండి. పాత వైరుకి కొత్తది కట్టి లాగేద్దామనుకుంటారు గానీ, చాలా బండ్లలో ప్యానెల్స్ మూయకముందే వైర్లని పిన్నులు కొట్టి బిగించేస్తారు, లాగితే రావు, తెగుతాయి. వెనక వైపు ఫోటో తీసి, ప్రతి వైరుకీ పేరు చీటీ అంటించి, ఆ తర్వాతే కత్తిరించండి. కొత్త వైరు తప్పనిసరైతే పై అరల లోపలి మూలల వెంట నడపండి. గోడకి రంధ్రం వేసే ముందు వెనక గ్యాస్ గొట్టం, నీళ్ల పైపు, కరెంటు వైరు లేవని రూఢి చేసుకోవాలి. వైర్‌లెస్ వెనక స్పీకర్లు కొంటే ఈ బాధ తప్పుతుందనుకోకండి, సొంత బ్యాటరీ ఉన్నవి తప్ప వాటికీ కరెంటు వైరు కావాలి.

డీవీడీతో కలిపి సెట్‌గా వచ్చిన పాత హోమ్ థియేటర్లలో రెండు ఉచ్చులున్నాయి. ఒకటి, వాటి స్పీకర్లు చాలావరకు 3 లేదా 4 ఓమ్‌లవి, వెనక రాసి ఉంటుంది. మామూలు రిసీవర్ 6 ఓమ్‌లకి తక్కువ వద్దంటే వాటిని తగిలించకండి. రెండోది సబ్‌వూఫర్ (బేస్ పలికే పెద్ద స్పీకర్, క్లుప్తంగా సబ్). పాత సెట్‌లో దానికి సొంత ఆంప్లిఫయర్ ఉండదు, పెట్టే దాన్ని నడిపేది. కొత్త రిసీవర్‌లో సబ్‌కి ఉండేది సిగ్నల్ పిన్ను మాత్రమే, అందుకని పాత సబ్ పలకదు. సొంత ఆంప్లిఫయర్ ఉన్న సబ్ కొనాలి.

12 వోల్టుల స్టీరియో పెడుతుంటే ఇంకో జాగ్రత్త: వీటిలో స్పీకర్ల నెగటివ్ వైర్లు ఒకదానితో ఒకటి గానీ బండి ఎర్త్‌తో గానీ కలవకూడదు. కొన్ని పాత బండ్లలో నెగటివ్‌లన్నీ ఒకే వైరుకి కలిపేసి ఉంటాయి. మీటర్‌తో చూసుకోకుండా తగిలిస్తే కొత్త స్టీరియో మొదటి రోజే పోవచ్చు.

ఏది కొనాలంటే నా మాట ఇది. ఆ ఇరుకు గదిలో వెనక స్పీకర్లు చెవి పక్కనే ఉంటాయి, అయిదు స్పీకర్ల కోసం పట్టుబట్టే కంటే ముందు రెండు, మధ్యలో మంచి సెంటర్, ఒక చిన్న సబ్ పెట్టుకుంటే చెవికి హాయి. క్యాంపుల్లో కరెంటు లేకుండా బ్యాటరీ మీదే ఉండేవాళ్లకి పెద్ద రిసీవర్ వద్దు. 60 వాట్లు లాగే పెట్టె ఇన్వర్టర్ నష్టంతో కలిపి 12 వోల్టుల దగ్గర సుమారు 6 ఆంపియర్లు తీసుకుంటుంది, నాలుగు గంటల్లో 24 ఆంపియర్-అవర్లు. 100 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో వాడుకోదగింది సగమే కాబట్టి, మీ రాత్రి కరెంటులో దాదాపు సగం సినిమాకే పోతుంది. ఏఆర్‌సీ ఉన్న 12 వోల్టుల స్టీరియో వీళ్లకి సరిపోతుంది. ఎప్పుడూ బయటి కరెంటు ఉండే చోటే ఆగేవాళ్లు రిసీవర్ పెట్టుకోవచ్చు, అయితే అది సుమారు 43 సెంటీమీటర్ల వెడల్పు, లోతు 30 దాటుతుంది, వెనక కేబుళ్లకి ఇంకొంత కావాలి. కొనే ముందు అర కొలవండి.

బిగించాక రిసీవర్‌ని పట్టీలతో అరకి కట్టేయండి, అరల తలుపుల అంచుకి నురుగు టేపు వేస్తే సబ్ మోగినప్పుడు టకటకలు ఆగుతాయి. రిసీవర్ సెట్టింగ్స్‌లో స్పీకర్ దూరాలు నిజంగా కొలిచి పెట్టండి, ఇంటి గదికి ఉండే అంకెలు వదిలేస్తే సౌండ్ ఎప్పటికీ కుదురుకోదు. దూరాలని, సౌండ్‌ని రిసీవర్ తనే కొలుచుకునే మైకు ఉంటే స్లైడ్ బయటికి తీసి, ఏసీ, జనరేటర్ ఆపి నడపండి. మొదటి పెద్ద ప్రయాణం తర్వాత ఒకసారి వెనక స్క్రూలన్నీ మళ్లీ బిగించండి.