కారు రిమోట్ కీ పనిచేయట్లేదా? కొత్త కీ కొనేముందు ఇవన్నీ చూడండి

బటన్ నొక్కితే డోర్ లాకులు టక్కున పడాలి, పడట్లేదు. అప్పుడు చాలామంది ముందు అదే బటన్ ఇంకో పదిసార్లు గట్టిగా నొక్కుతారు, ఆ తర్వాత కొత్త కీ ఎంతవుతుందో కనుక్కోవడం మొదలుపెడతారు. రెండూ తొందరపాటే. రిమోట్ ఆగిపోవడానికి ఉండే కారణాల్లో చాలావరకు ఇంట్లో కూర్చుని తేల్చుకోగలిగినవే, కాకపోతే ఒక వరసలో చూసుకుంటూ రావాలి, లేదంటే ఫ్యూజ్ పోయినదానికి కీ మార్పించి, బ్యాటరీ పోయినదానికి కీ లోపలి సర్క్యూట్ బోర్డు మార్పించి డబ్బులు తగలేసుకోవడమే అవుతుంది.

ముందు కారులోకి ఎక్కే సంగతి చూద్దాం. మామూలు కీ అయితే డోర్‌లో పెట్టి తిప్పడమే. పుష్ స్టార్ట్ కారైతే రిమోట్ లోపలే సన్నటి తాళంచెవి ఒకటి ఉంటుంది, పక్కనున్న చిన్న మీట జరిపి లాగితే బయటికొస్తుంది, డోర్ హ్యాండిల్ దగ్గర తాళం రంధ్రం కనపడకపోతే అక్కడున్న ప్లాస్టిక్ మూత కింద చూడండి. ఇలా తీసినప్పుడు కొన్ని కార్లలో అలారం మోగుతుంది, కంగారుపడొద్దు, ఇంజన్ స్టార్ట్ చేస్తే మామూలుగా ఆగిపోతుంది. రిమోట్ బ్యాటరీ చచ్చిపోయినా ఇంజన్ స్టార్ట్ అవుతుంది, ఎందుకంటే కీలో ఉండే, ఇది సరైన కీయేనని కారుకి చెప్పే ఇమ్మొబిలైజర్ చిప్‌కి బ్యాటరీ అక్కర్లేదు, కారులోని కాయిల్ నుంచే దానికి కావాల్సిన కరెంట్ అందుతుంది. పుష్ స్టార్ట్‌లో అయితే రిమోట్‌ని స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కాలి, కొన్ని మోడల్స్‌లో దానికి వేరే చోటు ఉంటుంది, కారుతో వచ్చిన మాన్యువల్‌లో ఎక్కడో రాసే ఉంటుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న, తప్పు కీలో ఉందా కారులో ఉందా? స్పేర్ కీ తీసి నొక్కండి. అది పనిచేస్తే మొదటి కీలోనే తేడా. రెండూ పనిచేయకపోతే కీల జోలికి ఇంకా పోవద్దు, లోపల కూర్చుని డోర్ మీదున్న లాక్ స్విచ్ నొక్కి చూడండి. దానికీ డోర్లు కదలకపోతే సెంట్రల్ లాకింగ్ ఫ్యూజ్ గానీ, కారు బ్యాటరీ దిగిపోవడం గానీ, వైరింగ్ గానీ అయ్యుంటుంది. ఆ స్విచ్‌కి పనిచేసి రెండు రిమోట్లకీ పనిచేయట్లేదంటే కారులో సిగ్నల్ అందుకునే రిసీవర్ వైపు అనుమానించాలి. మూడు డోర్లు పడి ఒక్కటి పడట్లేదా, అది ఆ డోర్ లోపలుండే లాక్ మోటారు సమస్య, కీకి సంబంధమే లేదు.

దీంతోపాటే చూసుకోవాల్సిన చిన్న విషయాలు ఇంకొన్ని ఉన్నాయి. ఏదో ఒక డోర్ గానీ డిక్కీ గానీ సరిగ్గా మూసుకోకపోయినా, ఇగ్నిషన్‌లో ఇంకో కీ ఉండిపోయినా చాలా కార్లు రిమోట్ మాట వినవు. కారు పెట్టిన చోటుని బట్టి కూడా ఉంటుంది. ఈ రిమోట్లు చాలా దేశాల్లో 433.92 మెగాహెర్ట్జ్ మీద, అమెరికా జపాన్‌లలో ఎక్కువగా 315 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి, సిగ్నల్ చాలా బలహీనంగా ఉంటుంది కాబట్టి దగ్గర్లో అదే ఫ్రీక్వెన్సీలో ఇంకేదైనా గట్టిగా మోగుతుంటే కారుకి మన కీ వినపడదు. కారుని కొంచెం దూరం తీసుకెళ్లి అక్కడ నొక్కి చూడండి. లోపల ప్లగ్ చేసి ఉంచిన నాసిరకం మొబైల్ చార్జర్, డాష్‌క్యామ్ కూడా ఈ పని చేస్తాయి, వాటిని పీకేసి ఒకసారి ట్రై చేయండి.

తప్పు కీదే అని తేలాక మొదట బ్యాటరీ. దగ్గరికొచ్చి నొక్కితేనే పనిచేయడం, రెండుసార్లు నొక్కితే ఒకసారి పలకడం, ఇవి బ్యాటరీ అయిపోతోందని ముందే చెప్పే గుర్తులు. కీ అంచున చిన్న గాడి ఉంటుంది, అందులో చదును స్క్రూడ్రైవర్ కొనకి గుడ్డ చుట్టి మెల్లగా తిప్పితే రెండు ముక్కలుగా విడిపోతుంది, రాకపోతే బలవంతం చేయొద్దు, ఎక్కడో స్క్రూ ఉంటుంది, కొన్నిట్లో లోగో స్టిక్కర్ కింద దాక్కుంటుంది. బటన్లు కిందికి ఉండేలా పట్టుకుని తెరిస్తే లోపలి రబ్బరు చెల్లాచెదురు కాదు. తెరిచిన వెంటనే ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి, ప్లస్ ఎటువైపు ఉందో తర్వాత గుర్తుండదు.

బ్యాటరీ మీద నంబర్ ఉంటుంది, సీఆర్2032 లాంటిది. మొదటి రెండంకెలు వెడల్పు, 20 మిల్లీమీటర్లు, చివరి రెండు మందం, 3.2 మిల్లీమీటర్లు. అంటే 2025 కూడా అదే వెడల్పు, కానీ 2.5 మిల్లీమీటర్లే మందం, 2032 బదులు వేస్తే లోపల కూర్చుంటుంది గానీ స్ప్రింగుకి సరిగ్గా ఆనదు, జేబులో కాస్త కుదుపుకే కనెక్షన్ పోతుంది. ఉన్న నంబరే తెచ్చుకోండి. వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ ఉంటే కొత్తది 3 వోల్టుల పైన చూపించాలి. పాతది 2.8 కన్నా దిగిందంటే మార్చేయడమే మంచిది, కానీ ఊరికే చూస్తే 3 చూపించి బటన్ నొక్కగానే పడిపోయే బ్యాటరీలూ ఉంటాయి కాబట్టి కుదిరితే బటన్ నొక్కుతూ కొలవండి. కొత్త బ్యాటరీని అంచులతో పట్టుకోండి, వేళ్ల జిడ్డు అంటితే కాంటాక్ట్ బాగోదు. పిల్లలు మింగకుండా కొన్ని కంపెనీలు బ్యాటరీ మీద చేదు పూత వేస్తున్నాయి, కొన్ని కీలలో ఆ పూత వల్లే కరెంట్ సరిగ్గా అందదు, కొత్త బ్యాటరీ వేసినా పలకకపోతే క్లీనింగ్‌కి వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి చూడండి లేదా పూత లేని రకం వేయండి. చిన్నపిల్లలున్న ఇంట్లో మాత్రం ఇది చాలా సీరియస్‌గా తీసుకోవాలి, ఇలాంటి గుండ్రటి చిన్న బ్యాటరీ, అంటే బటన్ సెల్, మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల కాలిన గాయాలు అవుతాయి, పాతదానికి రెండువైపులా టేప్ వేసి అందని చోట పెట్టండి, మింగారని అనుమానం వచ్చినా సరే ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

బ్యాటరీ మార్చినా లాభం లేదా, అయితే అది కూర్చునే చోటు చూడండి. స్ప్రింగు రేకులు అణిగిపోయి ఉంటే స్క్రూడ్రైవర్ కొనతో కొద్దిగా పైకి లేపండి. పచ్చగా తుప్పు పట్టి ఉంటే పెన్సిల్ రబ్బరుతో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడవండి.

ఆ తర్వాత స్విచ్. మనం నొక్కేది పైనున్న రబ్బరుని, దాని కింద బోర్డు మీద గింజంత స్విచ్ ఒకటి ఉంటుంది. రబ్బరు పక్కన పెట్టి, బ్యాటరీని వేలితో అదిమి పట్టుకుని, స్విచ్‌ని గోటితో నేరుగా నొక్కండి. డోర్లు పడ్డాయంటే రబ్బరో పైకప్పో అరిగిపోయింది, కవర్ మారిస్తే చాలు. లాక్ పనిచేసి అన్‌లాక్ మాత్రం పనిచేయట్లేదంటే దాదాపుగా ఆ స్విచ్చే. కిటికీ దగ్గర వెలుతురులో భూతద్దం పెట్టి స్విచ్ కాళ్లు చూడండి, వాటిని బోర్డుకి అతికించిన లోహం, అంటే సోల్డర్, చుట్టూ వెంట్రుకంత సన్నని నల్లటి గీత గుండ్రంగా కనపడితే అక్కడ పగిలినట్టే, సోల్డరింగ్ ఐరన్‌తో ఒక్క క్షణం వేడిచేసి కొద్దిగా కొత్త సోల్డర్ పెడితే మళ్లీ అతుక్కుంటుంది. బ్యాటరీ రేకులు బోర్డుకి అతికిన చోట కూడా ఇలాగే పగులుతుంది, కీ కిందపడ్డాక పనిచేయడం ఆగిపోయిందంటే మొదట అక్కడే చూడండి. చేయి అలవాటు లేకపోతే మొబైల్ రిపేర్ చేసేవాళ్లకి ఇది నిమిషాల పని.

కవర్ మార్చేటప్పుడు ఒక్క విషయం దయచేసి మర్చిపోవద్దు. పాత కవర్ మూలలో నల్లటి చిన్న ముక్కలాగానో గాజు గొట్టంలాగానో ఇమ్మొబిలైజర్ చిప్ వేరేగా ఇరికించి ఉండొచ్చు. బోర్డు ఒక్కటే కొత్త కవర్‌లోకి మార్చి పాతది చెత్తలో పడేస్తే డోర్లు తెరుచుకుంటాయి, కారు మాత్రం స్టార్ట్ కాదు. ఇది చాలామందికి జరుగుతుంది.

కీ నీళ్లలో పడితే బటన్ నొక్కి చూడాలనిపిస్తుంది, నొక్కకండి. వెంటనే విప్పి బ్యాటరీ తీసేయాలి, నీళ్ల కన్నా నీళ్లలో కరెంట్ పారడమే బోర్డుని తినేస్తుంది. సబ్బు నీళ్లో ఉప్పు నీళ్లో అయితే ఆల్కహాల్‌తో కడిగి, గాలి తగిలే చోట ఒకరోజు పైనే ఆరబెట్టాకే కొత్త బ్యాటరీ వేయండి.

అన్నీ బాగున్నా కారు పలకట్లేదంటే సింక్, అంటే కీకీ కారుకీ మధ్య పొంతన, పోయి ఉండొచ్చు. బటన్ నొక్కిన ప్రతిసారీ కీ కొత్త కోడ్ పంపిస్తుంది, దీన్ని రోలింగ్ కోడ్ అంటారు, ఒకసారి వాడిన కోడ్‌ని దొంగ రికార్డు చేసి మళ్లీ పంపినా తలుపు తెరుచుకోకూడదని ఈ ఏర్పాటు. కీ జేబులో కారుకి దూరంగా అదేపనిగా నొక్కుకుపోతుంటే కీ లెక్క ముందుకెళ్లిపోతుంది, కారు వెనకే ఉండిపోతుంది. కీలాక్ అనే పద్ధతిలో 16 కోడ్ల వరకు తేడా ఉన్నా కారు పట్టించుకోదు, అంతకన్నా ఎక్కువైతే వరసగా రెండు కోడ్లు అందాక తనే సర్దుకుంటుంది. కాబట్టి ముందు కారు పక్కనే నిలబడి ఆగి ఆగి మూడు నాలుగుసార్లు నొక్కండి. కుదరకపోతే మాన్యువల్‌లో ఉన్న సింక్ పద్ధతి, చాలా మోడల్స్‌లో ఇగ్నిషన్ ఆన్ చేసి లాక్ బటన్ కొద్దిసేపు నొక్కి పట్టుకోవడం లాంటిదే ఉంటుంది. వేరే మోడల్ వీడియో చూసి ప్రయోగాలు మాత్రం చేయొద్దు, కొన్ని కార్లలో ప్రోగ్రామింగ్, అంటే కీని కారుకి పరిచయం చేసే, మోడ్‌లోకి వెళ్లగానే అంతకుముందున్న కీలన్నీ చెరిగిపోతాయి.

ఇంత చూశాక కూడా కదలిక లేదంటే అప్పుడు కీ మేకర్ దగ్గరికో సర్వీస్ సెంటర్‌కో వెళ్లండి, వాళ్ల దగ్గర కీ సిగ్నల్ వస్తోందో లేదో చూపించే మీటర్ ఉంటుంది, ఏం చేయకముందే దాంతో ఒకసారి చూడమని అడగండి. ప్రోగ్రామింగ్ చేయించాల్సొస్తే ఇంట్లో ఉన్న కీలన్నీ పట్టుకెళ్లండి, ఆ టైంలో లేని కీ కొన్ని కార్లలో ఆ తర్వాత ఇక పనికిరాదు.