తుఫానుకి ముందు సిస్టమ్స్ ఆపుతున్నారా? పేరొక్కటే చూసి షట్‌డౌన్ కొట్టకండి

పోయిన వారం విశాఖ ద్వారకానగర్‌లోని ఒక చిన్న ఆఫీసులో కరెంటు పోయి వచ్చాక, రిసెప్షన్ పీసీ అనుకుని ఇంటి నుంచే బిల్లింగ్ సర్వర్‌ని ఆపేశారు. నెలాఖరు లెక్కలు నడుస్తుండగా ఆగడంతో డేటాబేస్ దెబ్బతింది. కమాండ్ సరిగ్గానే కొట్టారు. ఐపీ అడ్రస్ ఇస్తే కంప్యూటర్ పేరు చెప్పే ఎన్‌ఎస్‌లుకప్ కమాండ్ చూపించిన పేరును నమ్మడంతోనే పని చెడింది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు తుఫాన్ల కాలం. పోర్టులో ప్రమాద సూచిక ఎగరేశారని వినగానే ఋషికొండ నుంచి గాజువాక దాకా ఇళ్లలో కూర్చుని ఆఫీసు సిస్టమ్స్ ఆపేవాళ్లు చాలామంది. యూపీఎస్, బ్యాకప్ సంగతి మీకు తెలిసిందే, వాటి జోలికి పోను.

ముందు పేరు ఎక్కడి నుంచి వస్తుందో చూడండి. ఎన్‌ఎస్‌లుకప్‌కి అడ్రస్ ఇస్తే అది పేర్లూ అడ్రసుల జాబితా ఉంచే డీఎన్‌ఎస్ సర్వర్‌ని అడుగుతుంది, ఆ కంప్యూటర్‌ని అడగదు. పీసీ ఆగిపోయి మూలన పడి ఉన్నా పేరు చక్కగా వస్తుంది. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసినా గుమ్మం మీద నేమ్‌ప్లేట్ ఉండిపోయినట్టు. విండోస్ డీఎన్‌ఎస్ సర్వర్‌లో పాత రికార్డులు వాటంతటవే తుడిచేసే ఏర్పాటు మొదట్లో ఆఫ్‌లోనే ఉంటుంది, మనమే ఆన్ చెయ్యాలి. కంప్యూటర్లకు అడ్రసులు పంచే విండోస్ డీహెచ్‌సీపీలో ఒక అడ్రస్ గడువు మామూలుగా 8 రోజులు. చిన్న రౌటర్లు చాలావాటికి కరెంటు పోతే ఎవరికి ఏ అడ్రస్ ఇచ్చామో గుర్తుండదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక ఊళ్లో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి విరామం తర్వాత అడ్రసులు చేతులు మారతాయి, పేర్లు మాత్రం పాతవే ఉంటాయి.

అందుకే కంప్యూటర్‌నే అడగండి. విండోస్‌లో కొట్టాల్సిన కమాండ్ ఇది: ఎన్‌బీటీస్టాట్, ఒక గీత, కేపిటల్ ఏ, ఆ తర్వాత ఐపీ అడ్రస్. ఇది యూడీపీ 137 అనే పోర్టు మీద నేరుగా ఆ పీసీకే వెళ్తుంది. జవాబులో 00, యూనిక్ అని ఉన్న వరుసలోది కంప్యూటర్ పేరు. 00, గ్రూప్ అని ఉంటే అది వర్క్‌గ్రూప్ పేరు, దాన్ని కంప్యూటర్ అనుకోకండి. అడుగున మ్యాక్ అడ్రస్, అంటే ఆ నెట్‌వర్క్ కార్డుకి ఉండే గుర్తింపు సంఖ్య, వస్తుంది, అసలు పనికొచ్చేది అదే. మీ రిజిస్టర్‌లో రాసుకున్న మ్యాక్‌తో కలిస్తేనే ముందుకెళ్లండి. లైనక్స్‌లో సాంబా (విండోస్ పీసీలతో ఫైళ్లు పంచుకునే సాఫ్ట్‌వేర్) నడిచే సర్వర్ అయితే మ్యాక్ అన్నీ సున్నాలే చూపిస్తుంది, అప్పుడు ఆఫీసులో ఉన్న మనిషికి ఫోన్ చేసి ఆ సిస్టమ్‌లోనే హోస్ట్‌నేమ్ అని కొట్టించండి.

మళ్లీ చెప్తున్నా, పేరొక్కటే చూసి షట్‌డౌన్ కొట్టకండి.

ఎన్‌బీటీస్టాట్‌లో స్మాల్ ఏ తర్వాత పేరు ఇవ్వాలి, కేపిటల్ ఏ తర్వాత అడ్రస్ ఇవ్వాలి. కలపకండి.

మెషీన్ పలుకుతుందో లేదో చూసే పింగ్ కమాండ్‌కి స్మాల్ ఏ పెట్టినా పేరు వస్తుంది, కానీ అది డీఎన్‌ఎస్ ఇచ్చిందో పీసీ ఇచ్చిందో తెలియదు. దాన్ని రుజువుగా తీసుకోవద్దు.

ఎన్‌బీటీస్టాట్‌కి ‘హోస్ట్ నాట్ ఫౌండ్’ అని వస్తే పీసీ ఆగిపోయిందని రాసుకోకండి. ఫైర్‌వాల్ అడ్డుపడి ఉండొచ్చు.

ఎన్‌బీటీస్టాట్ చూపించే పేరుని నెట్‌బయాస్ పేరంటారు, అది 15 అక్షరాలే. విశాఖ, అకౌంట్స్ అని పొడుగ్గా పెట్టి చివర 1, 2 అంకెలు వేస్తే ఆ అంకెలే తెగిపోతాయి. తేడా ముందే పెట్టండి.

జవాబులో ‘కాన్‌ఫ్లిక్ట్’ కనిపిస్తే ఆగిపోండి. అదే పేరు ఇంకో మెషీన్‌కీ ఉంది.

అన్ని సిస్టమ్స్‌కీ ఒకే అడ్మిన్ పాస్‌వర్డ్ వద్దు. ద్వారకానగర్‌లో తప్పు సర్వర్ కూడా మారుమాట లేకుండా ఆగింది అందుకే.

సర్వర్లకు స్థిర అడ్రస్ ఇవ్వండి. ఈరోజే.

మీది కాని నెట్‌వర్క్‌లో పేర్లు వెతక్కండి. అనుమతి లేకుండా, మోసపూరితంగానో దురుద్దేశంతోనో ఇంకొకరి సిస్టమ్ ఆపితే ఐటీ చట్టం 2000, సెక్షన్ 66 కింద మూడేళ్ల దాకా జైలు పడొచ్చు.

షట్‌డౌన్‌కి టైమ్ 300 సెకన్లు పెట్టండి. తప్పు మెషీన్ అని తెలిస్తే, ఆ గడువులోపే అదే మెషీన్‌కి షట్‌డౌన్ కమాండ్‌ని ఈసారి స్లాష్ ఏతో కొట్టి రద్దు చెయ్యండి. సున్నా ఎప్పుడూ పెట్టొద్దు.

మ్యాక్ కలవలేదా, ఆ మెషీన్‌ని ముట్టుకోకండి.