స్కాఫ్ వాడేటప్పుడు ‘ఎట్’ ఎందుకు వదలకూడదు

ఎదుటివాడి మాటనో ఆలోచననో ‘ఇదీ ఒక మాటేనా’ అన్నట్టు తీసిపారేస్తూ ఎగతాళి చేస్తే, దానికి ఇంగ్లిష్‌లో సరిగ్గా అతికే క్రియ స్కాఫ్. స్పెల్లింగ్ ఎస్, సి, ఓ, తర్వాత రెండు ఎఫ్‌లు. గతకాలంలో చివర ఇ, డి చేర్చి రాస్తాం గానీ ‘స్కాఫెడ్’ అని పలకరు, ‘స్కాఫ్ట్’ అంటారు.

మనవాళ్లు ఎక్కువగా తడబడేది ‘ఎట్’ దగ్గర. ‘నన్ను ఎగతాళి చేశాడు’ అనే అలవాటుతో ‘హి స్కాఫ్ట్ మి’ అనేస్తారు. ‘హి స్కాఫ్ట్ ఎట్ మి’ అనాలి. ఎట్ పోతే అర్థమే మారిపోతుంది, ఎందుకంటే బ్రిటిష్ వాడుకలో స్కాఫ్ అంటే గబగబా మెక్కేయడం కూడా. ‘హి స్కాఫ్ట్ ద కేక్’ అంటే కేకు మొత్తం లాగించేశాడని. ‘హి స్కాఫ్ట్ ఎట్ ద కేక్’ అంటే ‘ఇదేం కేకు’ అని వెటకారం చేశాడని.

కర్మణి వాక్యంలోనూ ఎట్ ఉండాల్సిందే. ఖండాలు కదులుతున్నాయని జర్మన్ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ వెగెనర్ 1912లో చెబితే చాలామంది భూగర్భ శాస్త్రవేత్తలు కొట్టిపారేశారు. దాన్ని ‘వెగెనర్స్ థియరీ వాజ్ స్కాఫ్ట్ ఎట్’ అని రాయాలి. తర్వాత ఏమీ లేదు కదా అని ఎట్ తీసేయకండి. ఎవరు ఎగతాళి చేశారో చెప్పాలంటే ‘బై మెనీ జియాలజిస్ట్స్’ అని ఆ ఎట్ తర్వాతే చేర్చాలి.

అన్న మాటనే ఉన్నదున్నట్టు రాసేటప్పుడు మాత్రం ఎట్ అక్కర్లేదు: ‘‘నాన్సెన్స్!’’ షి స్కాఫ్ట్.

ప్రతి ఎగతాళికీ ఇదే క్రియ పనికిరాదు. నడకనో యాసనో అనుకరిస్తూ వెక్కిరిస్తే మాక్; దానికి ఎట్ వద్దు. రెచ్చగొట్టాలని సూటిపోటి మాటలంటే టాంట్, దానికీ వద్దు. గుంపుగా అరుస్తూ గేలి చేస్తే జీర్. సరదాగా ఆటపట్టిస్తే టీజ్. బావామరదళ్ల సరసాలకు స్కాఫ్ వాడారంటే ఆ సరసం కాస్తా అవమానమైపోతుంది, జాగ్రత్త.

మెచ్చుకోలుకూ ఈ క్రియ పనికొస్తుంది. జీతం బాగానే పెరిగితే ‘ఎ టెన్ పర్సెంట్ రైజ్ ఈజ్ నథింగ్ టు స్కాఫ్ ఎట్’ అనొచ్చు. పది శాతం పెంపు అంటే తీసిపారేసేదేం కాదు అని.