ఉప్పు తిన్న పాత టాటా మొబైల్ పికప్పుని ఇంటి దగ్గరే, తక్కువ ఖర్చులో బాగుచేసుకోవడం

గోదావరి డెల్టాలో పాత పికప్పుల్ని తినేసేది ఉప్పు. భీమవరం, నరసాపురం, రాజోలు వైపు రొయ్యల చెరువుల మీద తిరిగిన బండి కిందికి దూరి చూడండి. సెల్ఫ్ కొట్టగానే ఇంజన్ అందుకుంటుంది, చాసీ (బండి బరువంతా మోసే అడుగు ఇనప చట్రం) మాత్రం పొట్టు పొట్టుగా రాలుతుంటుంది. ట్రేల్లోంచి కారిన ఐసు నీళ్లు, చెరువు నీళ్లు బాడీ ఫ్లోరు సందుల్లోంచి దిగి చాసీ లోపల నిలిచిపోతాయి. ఆ ఉప్పు పోకుండా పైన ఎంత ఖరీదైన రంగు కొట్టించినా రెండు వానాకాలాలు తిరిగేసరికి బుడగలు లేస్తాయి. అందుకే చేతిలో ఉన్న డబ్బులో సగం దాకా కడగడానికీ రేకు పనికీ, ఆ తర్వాతి పెద్ద వాటా బ్రేకులకీ స్టీరింగుకీ తీసి పక్కన పెట్టండి. రంగుకి మిగిలినంతే. సీటు కవర్లు, పాటల పెట్టె తర్వాత చూసుకోవచ్చు.

ఇక్కడ చెప్పేది టాటా మొబైల్ 206 గురించి. 1988లో వచ్చిన బండి, 1948 సీసీ నాలుగు సిలిండర్ల డీజిల్. ఇదే ఇంజన్ సియెర్రాలోనూ తొలి సుమోలోనూ వచ్చింది కాబట్టి రింగులు, బేరింగులు, గాస్కెట్లకి కంగారు పడక్కర్లేదు. విజయవాడ ఆటోనగర్‌లో ఓపిగ్గా తిరిగితే దొరుకుతాయి. దొరకనివి డోర్ రబ్బర్లు, బీడింగులు, గ్రిల్లు. బండి కొనేటప్పుడు అవి పగిలి ఉంటే ధర తగ్గించి అడగండి. టాటా 207 పికప్పుకైనా, జీపు చాసీ మీద కట్టిన మహీంద్రా పికప్పుకైనా రేకు పని పద్ధతి ఒకటే.

కొనేముందు ఆర్.సి.లో ఉన్న చాసీ నంబరు బండి మీద కొట్టిన నంబరుతో అక్షరం అక్షరం కలవాలి. ట్యాక్సు, ఫైనాన్సు బాకీ, ఫిట్‌నెస్ ఎంపరివాహన్ యాప్‌లో చూసుకోండి. రవాణా బండికి ఎనిమిదేళ్లు దాటితే ఏటా ఎఫ్.సి. (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించాలి. పదిహేనేళ్లు దాటిన బండ్లకి 2022 ఏప్రిల్ 1 నుంచి ఆ ఫీజులు బాగా పెరిగాయి, ఆ లెక్క ముందే వేసుకోవాలి. పాత బండి కదా, వింటేజ్ కింద రాయించుకుందాం అనుకుంటే కుదరదు. 2021లో వచ్చిన నిబంధన ప్రకారం దానికి యాభై ఏళ్లు నిండాలి, పైగా సొంత వాడకపు బండే అయి ఉండాలి.

తర్వాత చిన్న సుత్తి పట్టుకుని బండి కిందికి దిగండి. చాసీని జానెడు జానెడు దూరంలో కొడుతూ పోతే మంచి ఇనుము ఖంగుమంటుంది, లోపల తినేసిన చోట మొద్దుగా పలుకుతుంది. అక్కడ స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి. ముఖ్యంగా చూడాల్సినవి వెనక కమాన్ కట్టల బ్రాకెట్లు, క్యాబిన్ మౌంటింగులు, స్టీరింగ్ బాక్సు బిగించిన చోటు. డోర్ల అడుగు, క్యాబిన్ ఫ్లోరు పోయాయంటే భయపడక్కర్లేదు, అది రేకు పని. రెండు పక్కలా కమాన్ బ్రాకెట్ల దగ్గర చాసీ మెత్తబడితే మాత్రం ఆ బండి వదిలేయండి. ఎంత చవకగా వచ్చినా నష్టమే.

జాకీ ఎత్తే ముందు

మన నల్లరేగడి నేలలో జాకీ స్టాండు నిదానంగా దిగిపోతుంది, ఒక పక్కకి ఒరిగేదాకా తెలియదు. ప్రతి స్టాండు కింద రెండడుగుల తాటి చెక్క గానీ మందపు ఇనప ప్లేటు గానీ వేయండి. సిమెంటు బ్రిక్కులు పేర్చి బండి కింద పడుకోవద్దు, అవి చెప్పకుండా పగులుతాయి. నేల మీద టార్పాలిన్ పరిస్తే చెమ్మ పైకి రాదు.

పట్టేసిన బోల్టులకి డీజిలు, ఏటీఎఫ్ ఆయిలు (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసేది) సమానంగా కలిపి ముందు రోజు సాయంత్రమే పెట్టండి. పొద్దున పానా వేసి ముందు కొంచెం బిగించే వైపు కదిపి, ఆ తర్వాత విప్పాలి. తుప్పు పట్టు వదులుతుంది, బోల్టు తల తెగదు. విప్పిన ప్రతిదాన్నీ ఫోటో తీసి, బోల్టుల్ని పేరు రాసిన కవర్లలో వేయండి. ఈ పని విసుగ్గానే ఉంటుంది కానీ, బిగించే రోజు వచ్చేసరికి దీని విలువ తెలుస్తుంది.

ఉప్పు వదిలించడం

ఎక్కువమంది ఎగ్గొట్టేది ఈ పనే. తీరం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి, వాటితో ఎంత కడిగినా ఉప్పుకి ఉప్పు కలిపినట్టే. కాలవ వదిలినప్పుడు పట్టి తేర్చిన నీళ్లు గానీ మంచినీళ్ల ట్యాంకరు గానీ వాడండి. చాసీ చిల్లుల్లోకి సన్నటి ట్యూబు దూర్చి లోపలి బురద బయటికొచ్చేదాకా కొట్టాలి. చాసీ అడుగున ఉండే నీటి చిల్లులు మూసుకుపోయి ఉంటే ముందే తీగతో పొడిచి తెరవండి.

ఉప్పు పోయిందో లేదో కంటికి తెలియదు. నీళ్లలో కరిగిన ఉప్పుల్ని కొలిచే చిన్న టీడీఎస్ మీటరుతో తెలుస్తుంది. కడిగే నీళ్ల అంకె ఒకసారి చూడండి, చాసీ మీంచి కారి బకెట్లో పడ్డ నీళ్ల అంకె మరోసారి చూడండి. రెండూ దగ్గరికొచ్చేదాకా కడగడమే. రేకు తెల్లగా వచ్చేదాకా వైరు బ్రష్ కొట్టాక కూడా మర్నాటి పొద్దుకి చెమ్మగా, గోధుమరంగు చుక్కలు చెమర్చినట్టు కనిపిస్తే అక్కడి గుంటల్లో ఉప్పు ఇంకా ఉన్నట్టే. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్ పొడి రోజున కూడా గాలిలోని తేమని లాక్కుంటుంది, అందుకే రంగు కింద కూడా తుప్పు నడుస్తూనే ఉంటుంది. ఆ చోట వేడి నీళ్లు పోసి గట్టి బ్రష్‌తో రుద్ది, వెంటనే బ్లోయరుతో ఆరబెట్టి, మళ్లీ చూడండి.

రేకు పని

క్యాబిన్ ఫ్లోరుకి 18 గేజి సీఆర్ (కోల్డ్ రోల్డ్) రేకు, డోర్ అడుగుకి 20 గేజి, బాడీ ఫ్లోరుకి 3 మిల్లీమీటర్ల గళ్ల ప్లేటు సరిపోతాయి. జింకు పూత ఉన్న జీఐ రేకు చవక అని వాడొద్దు. జింకు కాలి లేచే తెల్ల పొగ పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది. కుళ్లిన చోటు మాత్రమే కాకుండా చుట్టూ గట్టి రేకు తగిలేదాకా ఒక మిల్లీమీటరు కటింగ్ చక్రంతో కోసేయాలి. కుళ్లిన అంచు మీద అతికితే వెల్డింగ్ పట్టదు, చిల్లు పెద్దదవుతుంది.

పల్చటి రేకుకి 0.8 మిల్లీమీటర్ల తీగతో సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ గ్యాసు) వెల్డింగ్ మేలు. అద్దెకి దొరికితే ఒక్క రోజుకి తెచ్చుకుని, అన్ని ముక్కలూ ముందే కోసి సిద్ధంగా పెట్టుకోండి. సముద్రపు గాలి తగిలితే గ్యాసు కొట్టుకుపోయి అతుకులో బొక్కలు పడతాయి, చుట్టూ టార్పాలిన్ కట్టాలి. అంగుళం అతికి, మూడు నాలుగంగుళాలు వదిలి, మళ్లీ అంగుళం అతుకుతూ పోవాలి. ఒకే వరస లాగితే రేకు అప్పడంలా వంకర్లు పోతుంది. చాసీకి మాత్రం 4 మిల్లీమీటర్ల ప్లేటు, మొనలు ఏటవాలుగా కోసి వేయించండి. నిట్టనిలువు అతుకు పెడితే దాని పక్కనే చాసీ చీలుతుంది. ఈ ఒక్కపనికీ అనుభవమున్న వెల్డింగ్ మేస్త్రీని పిలవడం మంచిది. చాసీకి వాడే 7018 వెల్డింగ్ రాడ్లు తెరిచి ఉంచితే మన గాలికి చెమ్మ పీలుస్తాయి, కాబట్టి అప్పటికప్పుడు ప్యాకెట్ విప్పమనండి. బ్యాటరీ రెండు తీగలూ తీసేసి, డీజిల్ ట్యాంకు దించేసి, ఎర్తు క్లిప్పు అతికే చోటికి దగ్గర్లోనే పెట్టాలి. చాసీ నంబరు ఉన్న చోట గ్రైండరు తగలనివ్వద్దు, ఆ నంబరు చెరిగితే ఎఫ్.సి. రోజున సమాధానం చెప్పలేరు.

బ్రేకులు, ఇంజన్

ఏళ్ల తరబడి నిలిపిన బండి బ్రేకు ఆయిలు నీళ్లు పీల్చేసి ఉంటుంది, వీల్ సిలిండర్లు లోపల గుంటలు పడి ఉంటాయి. గోరు తగిలేంత గుంట ఉంటే లోపలి రబ్బర్ల కిట్టు మార్చినా కారుతుంది, సిలిండరే మార్చాలి. రబ్బర్లని డీజిల్‌లో, పెట్రోల్‌లో కడిగితే ఉబ్బిపోతాయి, బ్రేకు ఆయిల్‌తోనే కడగండి. ఇనప పైపులు నాలుగూ మార్చేయండి, వీటిలో మిగుల్చుకునే డబ్బు ఏమీ లేదు. డాట్ 3 రకం బ్రేకు ఆయిలు కొత్త సీసా విప్పి, మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న ఎడమ వెనక చక్రం నుంచి మొదలుపెట్టి గాలి తీయాలి. తర్వాత కుడి వెనక, ఎడమ ముందు, కుడి ముందు.

ఇంజన్‌ని నేరుగా సెల్ఫ్ కొట్టొద్దు. హీటర్ ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్లో రెండు చెంచాల ఇంజన్ ఆయిలు పోసి, మర్నాడు పానాతో చేత్తో తిప్పండి. ట్యాంకు కడిగి, డీజిల్ ఫిల్టరు మార్చి, గాలి తీశాక స్టార్ట్ చేయాలి. డీజిల్ పంపులో డీజిల్‌ని కొలిచి వదిలే భాగం పట్టేసి ఉంటే ఇంజన్ ఒక్కసారిగా అదుపు తప్పి పరిగెత్తుతుంది. అందుకని ఎయిర్ ఫిల్టరు గొట్టం విప్పి, మూతికి అడ్డం పెట్టి గాలి ఆపి ఇంజన్‌ని నిలిపేయడానికి, సరిపోయే చెక్క పలక చేత్తో పట్టుకుని ఒకరు సిద్ధంగా నిలబడాలి. గేరు ఆయిలు పాలలా తెల్లగా ఉందంటే బండి ఎప్పుడో వరద నీళ్లలో నిలిచిందని అర్థం. గేర్‌బాక్సు, డిఫరెన్షియల్, చక్రాల బేరింగులు మూడూ విప్పి చూడాలి.

రంగు

సంక్రాంతి వెళ్లాక, ఎండలు ముదరకముందు కొట్టండి. మంచు ఆరిన పది గంటల నుంచి మూడింటి దాకానే స్ప్రే తుపాకీ పట్టాలి. తేమ ఎక్కువుంటే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగు పాలిపోయి తెల్ల మచ్చలు వస్తాయి. మన దగ్గర వట్టి ఇనుము రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది కాబట్టి ఒక రోజులో ప్రైమర్ కొట్టగలిగినంత రేకే గీకండి. ఎపాక్సీ ప్రైమర్ ఖరీదైనా తీసుకోండి, వట్టి రెడాక్సైడ్ ఉప్పు గాలికి ఆగదు. తుప్పు మార్చే ఫాస్ఫారిక్ ఆమ్లం పూసిన చోట బాగా కడిగి ఆరబెట్టాకే ఎపాక్సీ, లేకపోతే గట్టిపడదు. లప్పం 3 మిల్లీమీటర్లకి మించొద్దు. పాత ఎనామిల్ మీద ఎన్‌సీ తిన్నర్ తగిలితే ముడతలు పడి లేస్తుంది, ఒక మూల కొట్టి పరీక్షించాకే ముందుకెళ్లండి. సింథటిక్ ఎనామిల్ ఈ బండికి మూడు నాలుగు లీటర్లు పడుతుంది, పని బండికి అది చాలు. హార్డెనర్ కలిపే పీయూ (పాలీయురేథేన్) రంగైతే కార్ట్రిజ్ మాస్కు తప్పనిసరి. గుడ్డ కట్టుకుంటే ఊపిరితిత్తుల్ని కాపాడదు.

రంగు ఆరాక చాసీ లోపలికి, డోర్ల అడుగుకి క్యావిటీ వ్యాక్స్ (లోపలి ఖాళీల్లో తుప్పు ఆపే మైనం) కొట్టండి. వాడేసిన ఇంజన్ ఆయిల్ పూయకండి, దాన్లో ఆమ్లం ఉంటుంది. బ్రేకు రబ్బరు పైపుల్ని ముందే కప్పేయాలి, నీటి చిల్లులు వ్యాక్స్‌తో మూసుకుపోతే మళ్లీ పొడవాలి. ఆర్.సి.లో రాసిన రంగు కాకుండా వేరే రంగు వేసి ఉంటే, ఎఫ్.సి.కి వెళ్లేముందే ఆర్టీవో ఆఫీసులో ఆ మార్పు రాయించుకోండి.